పై అంతస్తులో పాము

పైన కుర్చీ చక్రాలు దొర్లిన చప్పుడైంది. అంటే ఆ పాముగాడు అప్పుడే తిండి ముగించి పనిలో కూర్చున్నాడు. కాంబె నోట్లో నూడుల్స్ మింగకుండానే గిన్నె పక్కకి నెట్టేసి కంప్యూటర్ ముందుకి జరిగాడు.

ఒసాకాలోని ఆ వీడియో గేమ్ కంపెనీలో ఎవరికీ సొంత పేరు లేదు. గేమ్ చివర తెర మీద అసలు పేర్లు వేస్తే పోటీ కంపెనీలు మనుషుల్ని ఎగరేసుకుపోతాయని యజమాని హయామాకి భయం. అందుకే అందరికీ ఆయనే మారుపేర్లు పెట్టాడు. కాంబె పేరు కప్ప. అతని ప్రాణ స్నేహితుడు ఇసోగాయి పేరు కొంగ. ఒక అంతస్తు వాళ్ళు ఇంకో అంతస్తు వాళ్ళతో మాట్లాడకూడదు. పై అంతస్తుకి దారి కూడా వేరే, బయటి ఇనుప మెట్ల మీదుగా.

కప్ప, కొంగ కలిసి రాసిన గేమ్‌ని కిందటేడు దేశమంతా ఎగబడి ఆడింది. ఆ ధైర్యంతోనే వేసవిలో ఇద్దరూ హయామా ముందు నిలబడ్డారు.

"మా అసలు పేర్లు వెయ్యండి సార్. లేకపోతే ఇద్దరం కలిసే మానేస్తాం."

హయామా తిట్టే రకం కాదు. తన చేత్తో ఇద్దరికీ టీ పోశాడు.

"ఒబోన్ సెలవులొస్తున్నాయి కదా. ముందు ఊరెళ్ళి పెద్దల సమాధులకి దణ్ణం పెట్టుకుని రండి. తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం."

ఇసోగాయికి వెనకా ముందూ ఎవరూ లేరు. అతను గదిలోనే ఉండిపోయాడు. కాంబె ఒక్కడే సొంతూరు ఫుకుయి వెళ్ళాడు. అక్కడ బాబాయి చుట్టాలందరి ముందూ టీవీలో ఆ గేమ్ పెట్టించాడు.

"నువ్వే రాశానంటావు. ఇక్కడ కప్ప అని ఉందేమిట్రా? మన ఇంటిపేరు ఎప్పుడు మార్చావు?"

అందరూ పగలబడి నవ్వారు. నాన్న మాత్రం నవ్వలేదు. తల వంచుకుని అవతలికి వెళ్ళిపోయాడు. కాంబెకి అదే ఎక్కువ బాధేసింది. ఈసారి ఎలాగైనా నాన్న కళ్ళముందు తెర మీద తన పేరు పడాలనుకున్నాడు.

తిరిగొచ్చేసరికి ఇద్దరూ కలిసి ఉంటున్న గది సగం ఖాళీగా ఉంది. ఇసోగాయి పరుపు లేదు, బట్టలు లేవు. ఆఫీసుకి పరిగెత్తాడు.

"టోక్యో వాళ్ళు లాక్కుపోయారు," అన్నాడు హయామా జాలిగా. "అక్కడ అసలు పేరు వేస్తారట. మరి కాంబె సంగతేమిటయ్యా అనడిగాను. వాడు లేకపోయినా నాకు గడుస్తుందన్నాడు."

కాంబె గుమ్మం వైపు తిరిగాడు. హయామా అతని భుజం మీద చెయ్యేశాడు.

"దిగులు పడకు. నగోయా నుంచి ఒకణ్ణి తెచ్చి పైన కూర్చోబెట్టాను. వాడి పేరు పాము. ఇద్దరికీ ఒకే కథ ఇస్తాను, చెరో గేమ్ రాయండి. ముందు పూర్తి చేసినవాడి అసలు పేరు తెర మీద వేస్తాను. రెండో వాడి గేమ్ చెత్తబుట్టలోకి."

ఆ రోజు నుంచి కాంబె గదికి వెళ్ళడం మానేశాడు. బల్ల కింద అట్టలు పరుచుకుని అక్కడే పడుకునేవాడు. హయామా పొద్దున్నే నవ్వుతూ వచ్చేవాడు.

"కథలో పాము సముద్రం దాటేశాడు. నువ్వింకా రేవులోనే ఉన్నావా నాయనా?"

ఇంకో రోజు, "కోట కట్టేశాడు. పామన్నాక కప్పని మింగక మానుతుందా?" అన్నాడు.

కాంబె చిగుళ్ళ వెంట రక్తం కారేది. అక్షరాలు రెండేసిగా కనిపించేవి. ఇసోగాయి పక్కనుంటే సగం పని ఎప్పుడో అయిపోయేది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా పాము మీది కోపమంతా ఇసోగాయి మీదకి మళ్ళేది. కలిసి మానేద్దామని తనతో మాట తీసుకున్న మనిషి, వెళుతూ ఒక్క ముక్కైనా చెప్పలేదు.

"పాపం, పైవాడికి ఒళ్ళు కాలిపోతోంది," అన్నాడు హయామా ఒక రోజు. "అయినా కుర్చీ వదలడం లేదు. పట్టుదలంటే అదీ."

కాంబె ఆ జ్వరం ఇంకా పెరగాలని కోరుకున్నాడు. అలా కోరుకున్నందుకు సిగ్గుపడలేదు కూడా.

శీతాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం పైన ధన్‌మని ఏదో బరువుగా పడింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. కాంబె ఒక్క క్షణం పైకప్పు వంక చూశాడు. వెళ్ళి చూద్దామన్న ఆలోచనే రాలేదు. అతని వేళ్ళు ఇంకా జోరందుకున్నాయి.

సాయంత్రం కాకముందే గేమ్ పూర్తయింది. చివరి తెర మీద తన అసలు పేరు తనే రాసుకున్నాడు. దాన్ని చూస్తూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

హయామా లోపలికొచ్చి చప్పట్లు కొట్టాడు.

"నువ్వే గెలిచావు. పాము పడిపోయాడు. ఇప్పుడే ఎవరో చూసి అంబులెన్స్ పిలిచారు."

ఓడినవాడి మొహం ఒక్కసారి చూడాలనిపించింది కాంబెకి. చూసి, కప్ప అంటే నేనేనని చెప్పాలనిపించింది. హయామా వద్దంటున్నా వినకుండా బయటికి పరిగెత్తాడు.

ఇనుప మెట్ల మీద నుంచి స్ట్రెచర్ దించుతున్నారు. గడ్డం దాకా దుప్పటి. మాసిన జుట్టు, ఎముకలు తేలిన చెంపలు. కాంబె స్ట్రెచర్‌కి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాడు.

పాము కష్టం మీద కళ్ళు తెరిచాడు. ఎదురుగా ఉన్న మనిషిని చాలాసేపటికి పోల్చుకున్నాడు.

"ఒరేయ్ కాంబె, నువ్వు ఊరి నుంచి అటే టోక్యో వెళ్ళిపోయావని హయామా సార్ చెప్పారు కదరా," అన్నాడు ఇసోగాయి.