గోడ మీద అమ్మ చేతి గిన్నెలు

పెళ్ళికూతురు గడప తొక్కేలోపు ఆమె వంటగదిని ఒక తల్లి సర్దాలి. సెజ్నాన్ కొండల్లో అది ఆనవాయితీ. జాజియా పొద్దున్నే వ్యానులో వచ్చింది. గడ్డిలో చుట్టిన మట్టిపాత్రలు రెండు గంపలు దించింది.

అవి ఆమె తల్లి చేసినవి. చక్రం లేకుండా చేత్తో ఒత్తినవి. లోపల వేలిగుంటలు తగులుతాయి. ఎర్రమట్టి మీద ఆకుపసరుతో గీసిన నల్లగీతలు ఇంకా ఉన్నాయి.

వియ్యపురాలు ముబారకా గుమ్మంలో నిలబడింది.

"ఈ పాత మట్టి ఇప్పుడెందుకు వదినా? పిల్ల గాజు సెట్టు తెచ్చుకుంటోంది."

"గాజు పగిలితే బజారుంది. ఇది పగిలితే మా అమ్మ వేళ్ళు ఏ బజారులో దొరుకుతాయి?"

"రేపు వీటిలో కోళ్ళకి నీళ్ళు పెడుతుంది. చూస్తూ ఉండు."

"పెట్టనీ. ఇంట్లోంచి పోకపోతే చాలు."

జాజియా భయం కూడా అదే. కొత్తకోడలు చూడగానే వీటిని పెరట్లో పారేస్తే మళ్ళీ తెచ్చే ఓపిక ఆమెకు లేదు.

పెళ్ళికొడుకు లుత్ఫీ సుత్తి పట్టుకొచ్చాడు. "అత్తా, మేకులు కొట్టనా?"

"పాత మేకులు ఉన్నాయిలే."

అతను సుత్తిని గుమ్మం పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

జాజియా కుస్కుస్ రవ్వ ఉడికించే ఆవిరిపాత్ర పొయ్యి పక్కన పెట్టింది. రొట్టెల పెనం గోడకు తగిలించింది. పైఅరలో పెట్టిన పాలముంతను మళ్ళీ కిందికి దించింది.

"కోడలికి అందాలి కదా," అంది.

"అందకపోతే పీట లేదూ?" అని ముబారకా నవ్వబోయి, కళ్ళు తుడుచుకుంది.

సాయంత్రం డప్పులతో పెళ్ళికూతురు వచ్చింది. పేరు నేస్రీన్. బిజెర్తా పట్నం పిల్ల. పెళ్ళిబట్టలతోనే వంటగదిలోకి నడిచింది. గోడ వైపు చూసింది. ఒక గిన్నె తీసి, లోపలి గుంటలో తన వేలు పెట్టి చూసింది. జాజియా గుమ్మంలోంచి చూస్తోంది.

నేస్రీన్ గిన్నెను ఉన్నచోటే పెట్టింది.

"అత్తయ్యా, గాజు సెట్టు పెట్టెలోనే ఉండనివ్వండి," అంది ముబారకాతో.

జాజియా గోడను ఆనుకుని కింద కూర్చుండిపోయింది. నేస్రీన్ పక్కనే కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. జాజియా ఆమె వైపు తిరిగింది.

"నా కూతురు పోయాక ఈ గోడ చూడలేక గిన్నెలన్నీ దించుకుపోయాను తల్లీ; నీకూ అమ్మ లేదు, అది కని వదిలిపోయిన బిడ్డకూ అమ్మ లేదు, అందుకే మళ్ళీ తెచ్చాను."