పొద్దున మొండికేసే కంప్యూటర్

డేవిడ్ కంప్యూటర్‌ను ఓంకార్ విప్పడం అది నాలుగోసారి.

విప్పిన ప్రతిసారీ అది బుద్ధిగానే ఉంది. బటన్ నొక్కి, నోట్లో వేసుకున్న బిస్కెట్ నమిలేలోపు తెర వెలుగుతోంది. లోపల ఉన్నది ఎస్‌ఎస్‌డి, కొత్తరకం డిస్కు. పాతకాలపు డిస్కులా గిరగిరా తిరిగేదేమీ లేదు. ఆలస్యం చేయడానికి దాని దగ్గర ఒక సాకు కూడా లేదు.

"ఇప్పుడు బాగానే లేస్తుందండీ," అన్నాడు డేవిడ్, కంప్యూటర్ తరఫున తనే సిగ్గుపడుతూ. "పొద్దున్నే మొండికేస్తుంది."

డేవిడ్‌ది కాకినాడ వైపు. ఆఫీసుకి తెల్లాపూర్ నుంచి వస్తాడు. మంచి మనిషి, ఎవరి మీదా గొంతు లేపడు. కానీ రోజూ లేటు పడుతోంది. ఆ ఆఫీసులో కార్డు గీకడం తీసేశారు. కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ కొట్టిన టైమే హాజరు. తొమ్మిది దాటితే లేటు. డేవిడ్‌ది రోజూ తొమ్మిదీ ఇరవై. రికార్డు తీసి చూస్తే మాత్రం, బటన్ నొక్కింది తొమ్మిదికి చాలా ముందే. ఆ మధ్యలో అది ఏం వెలగబెడుతోందో దానికే తెలియాలి.

ఆ ఫ్లోర్‌లో కంప్యూటర్లు బాగుచేసే పని ఓంకార్‌ది. కాంట్రాక్టు ఉద్యోగం. ఈ నెలాఖరుకి పర్మనెంట్ చేస్తామన్నారు. అదే జరిగితే, జీడిమెట్లలో రసాయనాల ఫ్యాక్టరీకి దగ్గుతూ వెళ్లొచ్చే తండ్రిని ఇంటిపట్టున కూర్చోబెట్టవచ్చు. ఆ మాట తండ్రికి చెప్పేశాడు కూడా. తొందరపడ్డానేమోనని ఇప్పుడు మనసు పీకుతోంది.

పర్మనెంట్ కాగితం మీద సంతకం పెట్టాల్సింది మేనేజర్ ప్రియదర్శిని. ఆ మధ్యాహ్నమే ఆవిడ అతన్ని గదిలోకి పిలిచింది.

"ఓంకార్, ఎస్‌ఎస్‌డి ఉన్న మెషిన్ బూట్ అవడానికి ఇంతసేపా? నాదీ అదే మోడల్, అదే బ్యాచ్. నా లాగిన్ ఒక్కరోజైనా తొమ్మిది దాటిందా?"

"లేదు మేడమ్."

నిజంగానే దాటలేదు. ఆ విషయంలో ఆవిడకు వంక పెట్టడానికి లేదు.

"మరి ప్రాబ్లం మెషిన్‌లో ఉందా, నీ పనిలో ఉందా? రేపు నాకు కారణం చెప్పాలి. చెప్పలేకపోతే నీ ఫైల్ మీద సంతకం పెట్టలేను."

అప్పటికే ఓంకార్ చేయని వైద్యం లేదు. ఆన్ చేయగానే వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాములన్నీ ఆపేశాడు. కేబుల్ మార్చాడు. విండోస్ మొత్తం మళ్ళీ ఎక్కించాడు. చివరికి ఎస్‌ఎస్‌డినే పీకేసి కొత్తది పెట్టాడు. మర్నాడు మళ్ళీ తొమ్మిదీ ఇరవై. రాత్రంతా ఏసీ చలికి బిగుసుకుంటోందేమోనని దాన్ని గాలి తగలకుండా పక్కకు జరిపాడు. చదువుకున్నవాడు నమ్మాల్సిన సంగతి కాదని తెలుసు. అయినా జరిపాడు. మర్నాడు తొమ్మిదీ పంతొమ్మిది అయింది. ఆ ఒక్క నిమిషానికే పొంగిపోయి సమోసా తిన్నాడు.

"ఏంది బిడ్డా, గట్ల మొకం వెట్టినవ్?" అంది సక్కుబాయి, అతను మేడమ్ గదిలోంచి టీ మెషిన్ దగ్గరికి రాగానే. ఆ ఫ్లోర్ ఊడ్చి తుడిచేది ఆమే. అందరికన్నా ముందు వచ్చేదీ ఆమే. మరిచిపోయిన గొలుసు బల్ల మీద దొరికితే పట్టుకెళ్ళి చేతికిచ్చే మనిషి. ఆమె అంటే అందరికీ నమ్మకం.

"డేవిడ్ సార్ కంప్యూటర్ పెద్దమ్మా. పొద్దుగాల జల్ది లేస్తలేదు. నా నౌకరీ తినేటట్టున్నది."

"అవ్ బిడ్డా, అది లేటే. సార్‌కు నేనే చెప్పిన." సక్కుబాయి అతని భుజం తట్టింది. "ఫికర్ జెయ్యకు. గంత పరేషానైతే ఎట్ల?"

ఓంకార్ డ్యూటీ పదకొండింటికి. అందుకే ఆ కంప్యూటర్ మొండికేయడం అతను ఒక్కసారి కూడా కళ్ళారా చూడలేదు. మర్నాడు చీకటితో లేచి బస్సెక్కి, తొమ్మిదికి ముందే ఫ్లోర్‌లో అడుగుపెట్టాడు.

కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. క్యాంటీన్‌లో టిఫిన్ల వేళ కదా అనుకుని, తిన్నగా డేవిడ్ డెస్కు దగ్గరికి వెళ్ళాడు.

కంప్యూటర్ ఆన్‌లోనే ఉంది. తెర మీద డేవిడ్ పేరు, దాని కింద పాస్‌వర్డ్ కొట్టే గడి. శుభ్రంగా లేచి కూర్చుని మనిషి కోసం ఎదురుచూస్తోంది. మనిషే లేడు.

ఓంకార్‌కు ఒక్కసారిగా బోధపడింది. బటన్ నొక్కేసి, తీరిగ్గా ఇడ్లీ తినడానికి పోతున్నాడన్నమాట! సిగ్గుపడుతూ ఎంత పని చేశాడు! ముందు ఒళ్ళు మండింది. తర్వాత తండ్రి గుర్తొచ్చి మనసు తేలికపడింది. కారణం దొరికింది. మేడమ్‌కు చెప్పడమే తరువాయి. దొంగను దొరకబుచ్చుకుందామని డేవిడ్ కుర్చీలోనే కూర్చున్నాడు.

తొమ్మిదైంది. డేవిడ్ రాలేదు. మరికాసేపు గడిచింది. టిఫిన్ అయ్యాక టీ కూడా తాగుతున్నట్టున్నాడు. మేడమ్ ముందు ఏం చెప్పాలో మనసులో ఒకసారి అప్పజెప్పుకున్నాడు. గట్టిగానే చెప్పాలనుకున్నాడు.

వెనక అడుగుల చప్పుడైంది. తిరిగి చూస్తే, చేతిలో తుడుపుగుడ్డతో సక్కుబాయి.

"జర జరుగు బిడ్డా," అంది ఆమె, కీబోర్డు మీదికి వంగుతూ, "ప్రియదర్శిని మేడమ్ కాన్నుంచి మొదలువెట్టి అందరి పాస్‌వర్డులు కొట్టుకుంట వచ్చేసరికి రోజు గీ డేవిడ్ సార్‌దే లేటైతున్నది."