తొక్కు తల్లీ

కారు వెనక బ్రేకు లైట్లు రెండూ మాడిపోయాయి. తెల్లారితే ప్రయాణం. పొద్దుగూకాక అతను కారుకీ ప్రహరీగోడకీ మధ్య గొంతుక్కూర్చుని, పాత బల్బులు పీకి కొత్తవి బిగించాడు. ఇక లోపల ఎవరైనా బ్రేకు తొక్కితేగాని, అవి వెలుగుతున్నాయో లేదో వెనక నుంచి తెలీదు.

"ఓసారి ఇలా రావే!" అని ఇంట్లోకి కేకేశాడు.

"చంటాడికి నీళ్లు పోస్తున్నా. రెండు బల్బులకి ఇంటిల్లిపాదీ కావాలా మీకు? పిల్లని పంపుతున్నా, ఉండండి," అంది భార్య.

నాలుగేళ్ల కూతురు గెంతుతూ వచ్చి, డ్రైవరు సీటెక్కి తలుపేసుకుంది.

"తొక్కు తల్లీ."

గోడంతా ఎర్రబడింది.

"వదులు."

ఆరిపోయింది.

"మళ్లీ తొక్కు."

వెలిగింది.

"నా బంగారమే! మీ అమ్మకంటే నువ్వే నయం," అని నవ్వబోయి ఆగిపోయాడు. నిన్న అదే సీట్లో దాని కాళ్లు గాల్లో వేలాడటం గుర్తొచ్చింది. బ్రేకుకి ఇంకా మూరెడు దూరం.

"కాళ్లు అందుతున్నాయా అమ్మా?"

"ఊహూ. కింద కూర్చున్న తాత తొక్కుతున్నాడు. నువ్వెలా చెప్తే అలా చేస్తున్నాడు నాన్నా."

ఆ ఇంట్లో తాత లేడు.

పరుగున వెళ్లి తలుపు లాగాడు. రాలేదు. అద్దంలోంచి పిల్ల మొహం ఒక్కటే కనబడుతోంది. సీటు కింద అంతా చీకటి.

"వదలమను తల్లీ," అన్నాడు.

గోడమీది ఎరుపు ఆరిపోయింది.

"బ్రేకు వదిలేశాడు నాన్నా," అంది పిల్ల. "ఇప్పుడు నా కాలు పట్టుకున్నాడు."