సిమెంటు తగలని గోడ

దేవమ్మ మట్టికొట్టం గోడలో బంగారం దాచిందట. పాలు పోసే మొగులయ్య తనతో అన్నాడని ఆగమ్మ బోరింగు దగ్గర అందరికీ చెప్పింది. "లేకుంటే రాలిన పెళ్లలే ఏరుకొని, నానబెట్టి, మళ్ల అదే గోడకు మెత్తుడేంది? బయటి మన్ను పిడికెడు ముట్టనియ్యది!"

ముట్టనివ్వని మాట నిజమే. డెబ్బై రెండులో దేవమ్మ మామ సంగప్ప ఒక ఎండాకాలమంతా బండి తోలి, మన్ను తొక్కి కట్టిన కొట్టం అది. మొదట జొన్నలు పోసుకున్నారు. తర్వాత ఊరి బడి నడిచింది. బడికి పక్కా గదులు వచ్చాక రేషన్ దుకాణమైంది. గోడలకు సిమెంటు చేయిస్తానన్న డీలరును దేవమ్మ ఖాళీ చేయించింది. ఆపైన బొల్లారం ఫ్యాక్టరీల షిఫ్టులకు పోయేవాళ్ల యూనియన్ ఆఫీసు. గోడ మీద ఎర్రరంగుతో నినాదం రాయబోయిన లీడరుకు చీపురు చూపించింది.

ఇప్పుడు ఆ కొట్టం ముందు బుల్డోజర్ ఆగింది. వెంట సర్పంచి యాదన్న, కంపెనీ మేనేజరు సూర్యారావు.

"బడి నడిచింది గనక ఇది పంచాయతీ జాగనే వదినె," అన్నాడు యాదన్న. "తీర్మానం గూడ అయింది."

"బడికి నీడనిస్తే జాగ మీదైతదా? రేపు నా ఇంట్ల మంచినీళ్లు తాగి ఇల్లు గూడ నీదేనంటవు!"

సూర్యారావు చేతులు జోడించాడు. "ఇక్కడ ఫంక్షన్ హాలు కట్టిస్తామండీ. మీ మామగారి పేరే పెడతాం. మీరు ఆ కేసు వదిలేస్తే చాలు."

ఎనభై నాలుగులో కంపెనీ వచ్చింది. దాని రసాయనాల నీళ్లు వాగులో కలిసిన నాలుగేళ్లకు దేవమ్మ చేనులో గరిక కూడా మొలవలేదు. ఆమె కోర్టుకెక్కింది. ఆ నేల మొదటి నుంచీ చౌడేనని కంపెనీ వాదన. కోర్టు పంపిన మనిషి ఇవాళ పొద్దున్నే చేనుకు పోయి మన్ను సంచులకెత్తి, దేవమ్మ వేలిముద్ర కోసం వచ్చి కొట్టం అరుగు మీద కూర్చున్నాడు.

"ఒకప్పుడు బంగారం పండిందని మీ నోటిమాట తప్ప ఇంకేముందమ్మా?" సూర్యారావు నవ్వాడు. "డ్రైవర్, కానీయ్."

దేవమ్మ కొంగు నడుముకు చెక్కి, గోడకు వీపు ఆనించి నిలబడింది. ఆమె తల పైన పగులులో, పిట్టలు రాల్చిన జొన్నగింజ ఒకటి జానెడు మొలకెత్తి ఉంది.

"ముందు నన్ను తొక్కు బిడ్డా, అటెన్క గోడ!"

డ్రైవరు ఇంజను ఆపేశాడు.

"అసలేం దాచావమ్మా ఇందులో?" సూర్యారావు గొంతు పెరిగింది.

దేవమ్మ పెళ్లొకటి విరిచి, కోర్టు మనిషి దగ్గరున్న ఖాళీ సంచిలో వేసింది.

"రాసుకో సారూ, ఇది కంపెనీ రాకముందటి నా చేను."