నాయనకు సీరియస్

"అక్కా, మీ నాయనకు సీరియస్‌గా ఉండాది. ఉన్నపళంగా బయల్దేరు," అన్నాడు ఫోన్లో చిన్నాన్న కొడుకు తిప్పేష్.

పుట్టపర్తి లాడ్జిలో దుప్పట్లు మారుస్తున్న కదిరమ్మ చేతిలోది మంచం మీద పడేసింది.

"ఫోన్ నాయనకియ్యిరా."

"మాట్లాడే పరిస్థితి లేదక్కా. నువ్వు రా," అని పెట్టేశాడు.

సీరియస్ అనే ఇంగ్లీషు ముక్కను బెళుగుప్ప దిక్కున్న తమ పల్లెల్లో ఎలా వాడతారో కదిరమ్మకు బాగా తెలుసు. చావు కబురు ఫోన్లో ఎవరూ చెప్పరు. దూరాన ఉన్నవాళ్లు దారిలోనే పడిపోతారని భయం. అందుకే అక్కడ పోయినవాళ్లంతా ముందు సీరియస్ కావాల్సిందే. అమ్మ పోయినప్పుడూ ఆమెకు అందిన కబురు ఇదే.

ఏడుస్తూనే బస్సెక్కింది. ఇల్లరికం వచ్చి, నాయనతోపాటు సేద్యం చూసుకుంటున్న మొగుడు బాలప్పకు ఫోన్ చేసింది. మోగింది కానీ ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. పాడె కట్టించే హడావుడిలో ఉంటాడనుకుంది. ఆయన అక్కడే ఉన్నాడు, అంతా చూసుకుంటాడు. ఆ ఒక్క ధైర్యంతోనే సీట్లో కూర్చోగలిగింది.

"ఏంటికమ్మా ఏడుస్తాండావు?" పక్క సీటు పెద్దావిడ అడిగింది.

"మా నాయనకు సీరియస్ అంటాండారు."

ఆవిడ ఏం జబ్బని అడగలేదు. కదిరమ్మ చెయ్యి పట్టుకుంది. దాంతో మిగిలిన కాస్త ఆశా పోయింది.

కిటికీలోంచి ఎండిన వేరుశనగ చేలు కనిపిస్తున్నాయి. కదిరమ్మ కళ్లు మూసుకుంది. "నిజంగానే సీరియస్ అయ్యుండనీ స్వామీ. ఒక్కసారి కండ్లు తెరిచి నన్ను చూస్తే చాలు," అని మొక్కుకుంది. ఇలాంటి మొక్కు మొక్కాల్సి వచ్చినందుకు మళ్లీ ఏడుపొచ్చింది.

ఊళ్లో దిగాక వీధి మలుపు తిరగాలంటేనే భయమేసింది. తిరిగింది. ఇంటి ముందు షామియానా, నిండా జనం. ఆమెను చూడగానే కొందరు లేచి నిలబడ్డారు.

జనంలోంచి ఒక ముసలాయన లేచి గబగబా ఎదురొచ్చాడు. నాయన ఎర్రిస్వామే! నిక్షేపంగా ఉన్నాడు.

"నాయనా! బాగుండావా!" కదిరమ్మ ఆయన్ను వాటేసుకుంది. ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. "ఆ తిప్పేష్‌గాడు నా పానం తీసినాడు కదా!"

"నా పేరు చెప్తేనే నువ్వు ఈడిదాకా రాగలవని నేనే చెప్పించినానమ్మా," అంటూ ఎర్రిస్వామి కూతురి భుజాలు గట్టిగా పట్టుకుని, షామియానా కింద పడుకోబెట్టిన బాలప్ప దగ్గరికి నడిపించాడు.