తడవని పెట్టె

కోడేరు నుంచి షరీఫ్ సాబ్ రానైతే వచ్చాడు గానీ, ఆయన హార్మోనియం పెట్టె రాలేదు.

"కృష్ణ నిండుగ పారుతుంది బాలస్వామీ. మనిషినైతే ఎక్కించుకుంట, బరువు వద్దన్నడు పుట్టి నడిపేటోడు. ఒడ్డున కూలబడి అందరి ముందర ఏడ్సిన. పెట్టె ఆడనే ఇడిసొచ్చిన."

గద్వాల నేతగాళ్ల మేళానికి బాలస్వామి పెద్ద. ఆ మాట వింటూనే ఇంకో పెట్టె కోసం ఊరంతా తిరిగొచ్చాడు, దొరకలేదు.

హార్మోనియం వాయించే తమ్ముణ్ని పోయినేడు గత్తర జబ్బు వణికించి ఎత్తుకుపోయింది; అంటు భయంతో అతని పెట్టెనూ కాల్చేశారు. అందుకే సాబును బతిమాలి పిలిపించాడు. ఈ పొద్దు జమ్ములమ్మ గుడి ముందర దసరా తొలి కచేరీ తప్పితే, తాతలనాటి ఆ మర్యాద వనపర్తి మేళానికి పోతుంది. పోయిందంటే మళ్లీ రాదు.

పొద్దుగుంకే వేళ భార్య రేణుకమ్మ కేకేసింది. "ఏమయ్యో, ఉరికిరా! పెట్టె!"

అరుగు మీద హార్మోనియం పెట్టె. ఒక్క చుక్క తడి లేదు.

సాబ్ దాన్ని కావలించుకున్నాడు. "అరె, మా బీబీ చుట్టిన ఎర్ర చీరంచు ఏది?"

"అమ్మ తీసుకున్నది. ఏరు దాటించి తెచ్చింది జమ్ములమ్మ తల్లి గాక ఇంకెవరు!"

రేణుకమ్మ పెట్టెకు పసుపు రాసి, బొట్టు పెట్టి, హారతిచ్చింది.

అరుగు కింద మసకలో ఎవరో ముడుచుకుని వణుకుతున్నాడు. నెత్తి మీద చుట్టకుదురు తప్ప ఒంటికి సరైన గుడ్డ లేదు.

"అయ్యా... పెట్టె..." పండ్లు కొట్టుకుంటుంటే మాట పెగల్లేదు.

"పెట్టె జోలికి రాకు!" బాలస్వామి గసిరాడు.

"జర నిప్పుల కాడ..."

ఆ వణుకు చూసి బాలస్వామికి తమ్ముడి ఆఖరి గడియ కళ్లముందాడింది.

"గత్తరొచ్చినోడు! ఊరవతలికి పో! పో!" కట్టె ఎత్తి అదిలించాడు.

ఆ మనిషి పెట్టె వైపొకసారి చూసి, చలిగాలిలోకి నడిచాడు.

కచేరీ అంటే అదీ కచేరీ! జనం కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. బాలస్వామి తమ్ముణ్ని తలుచుకుని ఏడ్చాడు, నవ్వాడు.

తెల్లారి సాబును సాగనంపుతూ పొలిమేర దాకా వెళ్లాడు. కంప పక్కన నిన్నటి మనిషి బిగుసుకుపోయి ఉన్నాడు.

"ముట్టకు సాబ్, గత్తర!"

సాబ్ వినలేదు. శవం నడుముకు ఈతగాళ్లు కట్టుకునే సొరబుర్రలు.

"గత్తర కాదు బాలస్వామీ... సలి."

ఆ నెత్తి మీది చుట్టకుదురు విప్పాడు. అది బీబీ చుట్టిన ఎర్ర చీరంచు, ఇంకా ఏటి తడి ఆరలేదు.