సిగువాపా జాడలు

"ఈ కథ పోలీసులకు చెప్పుకో, నాకు కాదు," అన్నాడు దుకాణం యజమాని దొన్ ఎర్సీలియో.

వంటమనిషి తోమాసినా వంటింటి గుమ్మంలో తల వంచుకుని నిలబడింది. దుకాణం వెనక పెరట్లో అప్పటికే పదిహేనుమంది పోగయ్యారు. పిలిపించింది ఎర్సీలియోనే. దొంగను పదిమంది ముందు పట్టుకుంటే పదకొండోవాడు సరుకు జోలికి రాడని ఆయన లెక్క. ఊరిపెద్ద నెమేసియో కూడా వచ్చాడు. ఆయన చేతిలో కాఫీ కప్పు ఉంది గాని తాగడం లేదు.

నెలలో ఇది మూడో దొంగతనం. ఎర్సీలియో తుపాకీ పక్కన పెట్టుకుని దుకాణంలోనే పడుకుంటున్నాడు. అయినా రాత్రి వంటింట్లోంచి పొగబెట్టిన పంది తొడ ఒకటి, రమ్ము సీసా, నాలుగు చుట్టలు మాయమయ్యాయి.

"ఇది సిగువాపా పనే దొన్ ఎర్సీలియో," అంది తోమాసినా. "ఆ జాడలు చూడండి, మీకే తెలుస్తుంది."

తెల్లవారుజామున వాన వెలిసింది. తడి ఎర్రమట్టిలో ఒట్టి కాళ్ల జాడలు అచ్చు పోసినట్టున్నాయి. ఒకే వరుస, కాఫీ తోట దడి నుంచి వంటింటి గుమ్మం దాకా. వేళ్లన్నీ ఇంటివైపే.

"చూశాను," అన్నాడు ఎర్సీలియో. "కొండల్లో తిరిగే ఆడదెయ్యం. జుట్టు మోకాళ్ల దాకా, పాదాలేమో వెనక్కి. వేళ్లు ఇటు ఉన్నాయంటే అది అటు పోయిందని మీ లెక్క. మీ తాతలకు ఉన్నదే కాస్త బుద్ధి, మీకు అదీ మిగల్లేదు. అది వెన్న దొంగిలిస్తుందని విన్నాను. రమ్ము తాగడం ఎప్పుడు నేర్చింది? చుట్టలు కూడా కాలుస్తుందా?"

"పైన చలెక్కువ కదా దొన్," అన్నాడు కంచరగాడిదలు తోలే మనిషి ఒకడు. "పాపం, దాన్ని మాత్రం ఎవరు వెచ్చబెడతారు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. పక్కనున్న ముసలమ్మ వాణ్ని మోచేత్తో పొడిచింది.

"నవ్వండి. బుర్ర ఉన్నవాడు జాడ ఎలా చదువుతాడో నేర్చుకోండి." ఎర్సీలియో కర్రతో ఒక్కో అడుగూ చూపించాడు. "వేళ్లు ముందుండేది మనిషికి. అంటే ఈ దొంగ లోపలికి వచ్చింది. మరి బయటికి పోయిన జాడ ఏది? లేదు. వాన పడేటప్పుడు పోయింది, ఆ జాడ కొట్టుకుపోయింది. వెలిశాక తిరిగొచ్చింది, ఈ జాడ మిగిలింది. అంటే దొంగ ఇంట్లోనే ఉంది. వంటింట్లో పడుకునేది ఎవరే? తోట అవతల కూతురి చేత కాపురం పెట్టించింది ఎవరే?"

"నేను గడప దాటలేదు దొన్. నా బిడ్డ మీద ఒట్టు."

"ఒట్లు తూకానికి రావు. కాలు పెట్టు."

తోమాసినా వచ్చి జాడలో కాలు పెట్టింది. ఆమె పాదం చేటంత. జాడ సన్నగా, పొడుగ్గా ఉంది. కాలు అంచులు రెండువైపులా బయటికి వచ్చాయి.

"సరిపోలేదు," అన్నాడు నెమేసియో తొందరగా. "అయిపోయింది. అందరూ ఇళ్లకు పదండి."

"అయిపోలేదు. దీని కూతుర్ని పిలవండి. ఇద్దరూ కలిసే చేశారేమో. సాయంత్రానికి తల్లీకూతుళ్లిద్దరూ పట్నం జైల్లో ఉండాలి."

తోమాసినా చేతులు జోడించింది. "నన్ను పంపండి దొన్. పద్దెనిమిదేళ్లు మీకు అన్నం వండాను, పోతాను. పిల్లదాన్ని వదిలేయండి. ఇది సిగువాపా పనే అనుకోండి, మీకు దండం పెడతాను."

"దొన్ ఎర్సీలియో," నెమేసియో దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఊరంతా ఒప్పుకున్న మాట. మీకేం పోయింది? మీరూ ఒప్పుకోండి."

"గాడిదలంతా ఒప్పుకుంటే గడ్డి బంగారమవుతుందా? నాకు సాక్ష్యం కావాలి." ఎర్సీలియో ఇంటివైపు తిరిగి కేక వేశాడు. "మిలేదిస్! ఓసారి బయటికి రా. రాత్రి వంటింటి తలుపు గడియ నువ్వే వేశావని వీళ్లకు చెప్పు."

"తలనొప్పిగా ఉంది," లోపలి నుంచి జవాబొచ్చింది.

"ఒక్క మాటే. రా."

ఆయన భార్య గుమ్మంలోకి వచ్చింది. ఆయనకంటే ఇరవై ఏళ్లు చిన్నది. కాళ్లకు రాజధాని నుంచి తెప్పించిన పట్టు చెప్పులు.

"ఆ చెప్పులతో బురదలోకా?" అన్నాడు ఎర్సీలియో. "వాటి ఖరీదెంతో తెలుసా? విప్పి రా."

ఆమె కదల్లేదు. ఊరిపెద్ద వైపు చూసింది. ఆయన కాఫీ కప్పులోకి చూస్తున్నాడు.

"విప్పమన్నానా."

మిలేదిస్ చెప్పులు విప్పి, గుమ్మం దిగి, నాలుగడుగులు నడిచి భర్త పక్కన నిలబడింది. ఆమె వెనక ఎర్రమట్టిలో నాలుగు జాడలు పడ్డాయి. పాతవాటి పక్కనే. సన్నగా, పొడుగ్గా.

కంచరగాడిదల మనిషి కొండల వైపు చూశాడు. ముసలమ్మ ఆకాశం వైపు చూసింది. తోమాసినా కళ్లు మూసుకుంది.

ఎర్సీలియో ఒకసారి కొత్త జాడలూ, ఒకసారి పాత జాడలూ చూశాడు. ముప్ఫయ్యేళ్లు తక్కెడ పట్టుకున్న మనిషి. ఇటువైపు ఒక పంది తొడ, ఒక సీసా, నాలుగు చుట్టలు. అటువైపు పదిహేనుమంది, వాళ్ల వెనక మిగతా ఊరు. తూకం తేలడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు. కర్రతో పాత జాడలన్నీ ఒక్కటొక్కటే చెరిపేశాడు.

"దద్దమ్మల్లారా," అన్నాడు అందర్నీ అసహ్యంగా చూస్తూ, "పుట్టి పెరిగిన కొండల్లో సిగువాపా జాడ గుర్తుపట్టడం కూడా రాదు మీకు, అది లోపలికి వచ్చింది కాదు, బయటికి పోయింది."